లెక్కలో లేని అత్తగారు

లెఫ్టినెంట్ ట్విచెల్ గారు ఉద్యోగ విరమణ చేసిన పిమ్మట తన సైనిక జీవితాన్ని గురించి ఒక లావుపాటి పుస్తకం రాశారు. తోలు అట్ట, అంచులకు బంగారు పూత. మైల్స్ సిటీలో పాత పుస్తకాల దుకాణంలో అది నాకు దొరికింది. అంతకుముందు దాన్ని ఎవరూ చదవలేదని నేను నిశ్చయంగా చెప్పగలను. అతుక్కుని ఉన్న పుటలను చాకుతో కోసి విడదీసినది నేనే.

అందులో ఒక అధ్యాయం షయెన్ల, అంటే మా తెగవాళ్ళ, కపట వేషాలను గురించినది. మావాళ్ళను దక్షిణాది నుంచి ఉత్తరానికి చేర్చే బండ్ల వరుసకు తాను కాపలాగా వెళ్ళినప్పుడు, ఒక షయెన్ మగవాడు అదనంగా పిండీ పందిమాంసమూ సంపాదించడం కోసం తన అత్తగారి వేషం కూడా తానే వేసుకుని తిరిగాడనీ, తన సూక్ష్మదృష్టి వల్ల ఆ మోసం బయటపడిందనీ, అటువంటి ముసలిది భూమ్మీద ఏనాడూ లేదనీ ఆయన రాశారు. తన సొంత గుర్రాన్ని ప్లాట్ నది రేవు దగ్గర షయెన్లు దొంగిలించారని కూడా రాశారు.

ఆ లేని ముసలిదాని కూతురి కూతుర్ని నేను. గుర్రం సంగతి కూడా నాకు తెలుసు. కనుక జరిగినది జరిగినట్టు చెబుతాను.

మా అమ్మమ్మ పేరు ఎదురుగాలి. మావాళ్ళను ఉత్తరాన మా సొంత నేల అయిన టంగ్ నది తీరం నుంచి దక్షిణాదికి తరలించినప్పుడు దొరలు ఒక మాట అన్నారు: అక్కడ నచ్చకపోతే తిరిగి రావచ్చునని. దొరల దృష్టిలో అది మర్యాదకు అన్న మాట. మా అమ్మమ్మ దృష్టిలో అది ఒప్పందం. దక్షిణాదిలో చలిజ్వరాలతో పిల్లలు పోయారు. ఆ భాగాన్ని ఇటువంటి కథలో ఇమిడేటట్టు రాయడం ఎవరికీ సాధ్యం కాదు కనుక నేను రాయను. అమ్మమ్మ, మామీద సర్కారు నియమించిన ఏజెంటు కచేరీకి వెళ్ళి, ఆయన బల్ల ముందు నిలబడి, తెలియవలసిన సంగతి తెలియజేసింది.

“నాకు నచ్చలేదు. పోయొస్తా.”

పట్టపగలు, అందరి డేరాలకూ వెళ్ళి సెలవు తీసుకుని, కుక్కను వెంటబెట్టుకుని ఉత్తరానికి నడక మొదలుపెట్టింది. సైనికులు వెళ్ళి బండిలో ఎక్కించి తీసుకువచ్చారు. ఆ బండి బాగా కుదుపుతోందని ఆమె ఏజెంటుకు ఫిర్యాదు చేసి, కొన్నాళ్ళకు మళ్ళీ బయలుదేరింది. మళ్ళీ తెచ్చారు. మావాళ్ళలో కొందరు తెగించి, పోరాడుతూ ఉత్తరానికి వెళ్ళిపోయిన ఏడాది మా అమ్మ జ్వరంలో పడి ఉండడం వల్ల అమ్మమ్మ కదలలేకపోయింది. ఆ తరువాత కొన్నేళ్ళకు దొరలకు ఎందుకో బుద్ధి పుట్టి, మిగిలినవారిలో కొందరు సైన్యం కాపలాతో ఉత్తరానికి, ఓగలాలా తెగవారి ఏజెన్సీ దాకా వెళ్ళవచ్చునన్నారు. కుటుంబానికి ఒక బండి ఇచ్చారు.

కుటుంబానికి ఒక బండి చాలునని తలచినవాడికి కుటుంబమంటే ఏమిటో తెలియదు.

మాలో అల్లుడు అత్త ముఖం చూడడు. అత్త అల్లుడితో మాట్లాడదు. ఒకరున్న డేరాలోకి ఒకరు రారు. ఎదురుపడవలసివస్తే ఆమె దుప్పటి తలమీదికి లాక్కుంటుంది, అతను పక్కకు తిరిగిపోతాడు. ఇది వైరం కాదు, గౌరవం. వైరం కూడా తోడైనప్పుడు ఆ గౌరవం మరింత నిష్ఠగా జరుగుతుంది. ఈ కట్టుబాటును సడలించడానికి ఒక దారి ఉంది: అల్లుడు పదిమంది ఎదుట అత్తకు ఒక గుర్రం ఇవ్వాలి. మా గుర్రాలను సైన్యం అంతకుముందే ఊడ్చుకుపోయింది కనుక ఆ కాలంలో మా అత్తలూ అల్లుళ్ళూ అపూర్వమైన గౌరవంతో బతికారు.

మా నాన్న పేరు తడిసిన గద్ద. మా అమ్మ పొద్దుపిట్ట. అమ్మ తమ్ముడు, అంటే మా మేనమామ, ఒంటిజోడు. వయసు వచ్చిన అక్కాతమ్ముళ్ళు ఒకరితో ఒకరు అవసరానికి మించి మాట్లాడుకోవడం కూడా మాలో మర్యాద కాదు. కనుక ఆ బండిలో అందరితోనూ మాట్లాడగల అధికారం ఒక్క కుక్కకే ఉండేది. దాని పేరు బొగ్గు.

నాన్న ముందు కూర్చుని కంచరగాడిదలను తోలేవాడు. బండి నడుమ దుప్పటి కట్టి, వెనుక అమ్మమ్మ కూర్చునేది. కుక్క ఆమె ఒడిలో.

“చూశావుటే బొగ్గూ,” అని అమ్మమ్మ మొదలుపెట్టేది, బండి ముందుభాగానికి స్పష్టంగా వినబడేటట్టు. “దారిలో ఉన్నవి రెండే గుంటలు. రెండింటిలోనూ పడేశాడు. కళ్ళు మూసుకుని తోలినా ఒకటి తప్పేది.”

కుక్క ఆవలించేది.

“అదే మరి. నీకున్న బుద్ధి కొందరికి ఉంటే, నా రాయి ఇవాళ నా దగ్గర ఉండేది.”

ఆ రాయిని గురించి చెప్పాలి. నడుమ గాడి చెక్కి, కర్రపిడిని తడితోలుతో బిగించిన నల్లని దంపుడు రాయి. అమ్మమ్మకు వాళ్ళ అమ్మ ఇచ్చినది. అడవి చెర్రీలను గింజలతో సహా దంచి బిళ్ళలు చేసి ఎండబెట్టడానికి దాన్ని మించినది టంగ్ నది తీరంలో లేదని ప్రసిద్ధి. దక్షిణాదికి తరలించిన రోజున బరువు తగ్గించమని సైనికులు కేకలు వేస్తుంటే నాన్న ఆ రాయిని మూటలోంచి తీసేసి, “దక్షిణాదిలో రాళ్ళుండవా?” అని అమ్మతో అన్నాడు. ఆ మాట అమ్మమ్మ చెవిన పడింది.

దక్షిణాదిలో రాళ్ళు లేవు. ఎర్రమట్టి ఉంది.

అప్పటినుంచి అమ్మమ్మ గుండెలో ఆ రాయి ఉంది. అల్లుడితో మాట్లాడడానికి వీల్లేదు. కూతురు ఆ ప్రస్తావన తెస్తే, “ఆ రాయి పేరెత్తావంటే లేచి వెళ్ళిపోతా” అనేది. నాన్న కుక్క ద్వారా కూడా జవాబు పంపేవాడు కాదు. ఆయన మర్యాద అంతటిది.

లెఫ్టినెంట్ ట్విచెల్ గారికి అప్పుడు మీసం ఇంకా నిర్ణయానికి రాలేదు. మావాళ్ళు ఆయనను పలచమీసం అనేవారు. ప్రతి సాయంకాలం విడిది వేయగానే తానే స్వయంగా బండి బండికీ తిరిగి మనుషులను చూసుకునేవారు. ఎవరూ పారిపోకూడదు, లేని మనిషి పేర తిండి పోకూడదు. మా బండి దగ్గరికి వచ్చినప్పుడల్లా ఒక మనిషి తక్కువయ్యేవారు. అమ్మమ్మ పొయ్యి దగ్గర ఉంటే నాన్న ఎక్కడో నీళ్ళకు వెళ్ళేవాడు. నాన్న తిరిగి వస్తూ దూరాన దగ్గితే అమ్మమ్మ మాయమయ్యేది. పైగా సర్కారు వారు అందరికీ ఒకే రకం బూడిదరంగు దుప్పట్లు పంచారు. కప్పుకుంటే ఎవరైనా ఒక్కలాగే ఉంటారు.

ఒకనాటి సాయంకాలం ఆయన ఆ రహస్యాన్ని పట్టుకోవాలని నిశ్చయించుకుని, చెప్పకుండా, బండి వెనుకనుంచి హఠాత్తుగా వచ్చారు. అమ్మమ్మ ఉలిక్కిపడి బండి చుట్టూ ముందుకు పరుగెత్తింది. ముందున్న నాన్న ఆమె వస్తున్నదని గ్రహించి, దుప్పటి తలమీద వేసుకుని అటువైపు నుంచి వెనుకకు పరుగెత్తాడు. లెఫ్టినెంట్ గారు ఆ వెనుకే. అలా ముగ్గురూ బండి చుట్టూ తిరిగారు: నాన్న అత్తగారి నుంచి పారిపోతూ, అమ్మమ్మ అల్లుడి నుంచి పారిపోతూ, ఆయన తాను ఒకే మనిషిని తరుముతున్నానని నమ్ముతూ. బొగ్గు ఇది ఆట అనుకుని నాలుగవదిగా చేరింది. చివరికి ఆయనకు చిక్కినది అదే.

ఆయన రొప్పుతూ నిలబడి తీర్పు చెప్పారు. “ఆ ముసలమ్మ అనే మనిషి లేదు. అదంతా ఈ మనిషి వేషం.”

ఆ సంగతి ఒక కాగితం మీద రాసి, ముందున్న కోటకు తెల్లవారగానే రౌతుతో పంపించారు. తరువాత మా మేనమామను పిలిపించారు. ఒంటిజోడు దక్షిణాదిలో ఏజెన్సీ సరుకుల బండ్లు తోలుతూ తోటి బండివాళ్ళ దగ్గర ఇంగ్లీషు నేర్చుకున్నాడు. అందులో కంచరగాడిదలతో అనవలసిన మాటలు తప్ప వేరే మాటలు దాదాపు లేవు. కనుక అతను దొరతో ఎంతో వినయంగా, తల వంచి, “కదలవే నీ తోక విరగ, ఏం కావాలి?” అన్నాడు.

దొరకు కావలసినది ఇది: ప్లాట్ నది రేవు దాటే లోపల అత్తా అల్లుడూ పక్కపక్కన నిలబడి ముఖాలు చూపించాలి. చూపించకపోతే అల్లుడు మోసగాడు. కుటుంబమంతా అక్కడినుంచే వెనక్కి, దక్షిణాదికి.

మేనమామ బండి దగ్గరికి వచ్చి ముందుగా చేసిన పని, బావగారిని ఆటపట్టించడం. మాలో బావమరుదులకు అది హక్కు మాత్రమే కాదు, విధి.

“బావా, దొరగారు నువ్వే మా అమ్మవని తేల్చేశాడు.”

“ఏడిశాడు.”

“అమ్మా, ఆకలేస్తోందే. నా జోళ్ళు చిరిగాయి, కుట్టిపెట్టవూ? ఓ జోలపాట కూడా పాడు.”

“దగ్గరికి రా, ఈ కొరడాతో పాడతా.”

“అబ్బ, అచ్చం మా అమ్మలాగే కొడతావు. దొర చెప్పింది నిజమేనేమో!”

అంతవరకు నవ్వి, ఆ తరువాత అసలు సంగతి చెప్పాడు. నాన్న కొరడా కింద పెట్టాడు. దుప్పటి వెనుక అమ్మమ్మ కూడా విన్నది. కుక్కను ఒడిలోంచి దించింది.

“అమ్మా,” అంది మా అమ్మ, “ఒక్క క్షణం నిలబడితే పోతుంది. నువ్వు కళ్ళు మూసుకో, ఆయన్నీ మూసుకోమంటా.”

“మొహం విప్పుకుని అల్లుడి పక్కన నిలబడనా?”

“మరి మళ్ళీ ఆ ఎర్రమట్టిలోకి పోదామా?”

“పోను. ఉత్తరాన్నే చస్తా. అంతవరకూ చావను కూడా. కానీ సిగ్గు విడిచి అక్కడికి వెళ్తే, అక్కడున్న మనవాళ్ళకి ఏ మొహం చూపించమంటావే?” అమ్మమ్మ గొంతు మొదటిసారి తగ్గింది. “నాకు ఇల్లూ కావాలి, మర్యాదా కావాలి. ఒకటి పారేసి రెండోది తీసుకోమనడానికి వాడెవడు?”

ఈ ప్రశ్నకు లెఫ్టినెంట్ గారి పుస్తకంలో జవాబు కోసం నేను వెదికాను. లేదు.

“ఓ గుర్రం ఉంటే,” అన్నాడు నాన్న, ఎవరితోనూ కాకుండా.

మేనమామ తిరిగి దొర దగ్గరికి వెళ్ళాడు. నదిని దాటవలసిన రేవు అప్పటికే కనబడుతోంది. లెఫ్టినెంట్ గారు తన సొంత గుర్రం దిగి దానికి తానే మాలిష్ చేస్తున్నారు. డచెస్ అనే ఎర్రని ఆడగుర్రం, దాని మెడ వంపు చూసి విడిదిలోని మగవాళ్ళందరూ నిట్టూర్చేవారు.

“వాళ్ళు నిలబడతారు దొరా,” అన్నాడు మేనమామ, తిట్లు తీసివేస్తే. “కాకపోతే అల్లుడు ముందు అత్తకో గుర్రం ఇవ్వాలి. అతనికి గుర్రం లేదు.”

లెఫ్టినెంట్ గారు పెద్దగా నవ్వారు. పక్కనున్న సార్జెంటు కూడా నవ్వాడు, అది అతని ఉద్యోగం.

“అంతేనా పాపం? అయితే నా గుర్రమే తీసుకోమను! ఇదిగో, సంతోషంగా ఇస్తున్నాను. జీనుతో సహా పట్టుకుపొమ్మను ఆ లేని అత్తగారికి!”

అది వెటకారమని తనకు తెలియలేదని మా మేనమామ చనిపోయేవరకు చెప్పాడు. తెలిసినా చేయగలిగినది లేదు. మాలో గుర్రం ఇస్తున్నానని పదిమంది వింటుండగా అన్నవాడు ఇచ్చినట్టే. ఆ తరువాత ఊరికే అన్నానని చెప్పడం, పెట్టిన ముద్ద నోట్లోంచి లాక్కోవడంతో సమానం. అటువంటి మనిషి మా చరిత్రలో లేడు కనుక, అటువంటి మాట ఎలా ఉంటుందో కూడా మావాళ్ళకు తెలియదు.

చాటింపు వేసే పొగడేరా అనే ముసలాయన అక్కడే కూర్చుని ఉన్నాడు. ఎవరు దానం చేసినా విడిది చుట్టూ తిరిగి ఆ పేరు కీర్తించడం అతని పని. గుర్రాలు లేక, దానాలు లేక, అతని గొంతు కొన్నేళ్ళుగా ఖాళీగా ఉంది. మేనమామ మాటకు అర్థం చెప్పగానే అతను యువకుడిలా లేచాడు.

“వినండి! వినండి! పలచమీసాన్ని చూడండి! అతనికి ఒకే ఒక్క గుర్రం ఉంది! దాన్ని లేనివాడి చేతిలో పెట్టాడు! అమ్మలారా, మీ కొడుకులకి అతన్ని చూపించండి! అమ్మాయిలారా, ఆ మీసానికి నవ్వకండి, ఇవాళ్టినుంచి అది మంచి మీసం!”

డేరాల్లోంచి, బండ్ల కిందినుంచి ఆడవాళ్ళు వచ్చి నాలుక ఆడిస్తూ సన్నగా, ఎత్తుగా కూతపెట్టారు. ముసలివాళ్ళు వచ్చి లెఫ్టినెంట్ గారి చేతులు పట్టుకుని ఊపారు. ఒక యోధుడు కంటతడి పెట్టుకున్నాడు. ఎందుకో తెలియకపోయినా ఇన్నాళ్ళకు తన విలువను వీళ్ళు గుర్తించారని ఆయనకు తోచింది. టోపీ తీసి నాలుగు దిక్కులకూ వంగారు. ఆ వంగడం పూర్తయ్యేసరికి గుర్రం అక్కడ లేదు.

మా నాన్న డచెస్‌ను నడిపించుకుంటూ, వీపు ముందుకు పెట్టి, అంటే వెనక్కి వెనక్కి నడుస్తూ, బండి దగ్గరికి వచ్చాడు. విడిది అంతా చుట్టూ మూగింది. కళ్ళెం తాడు వెనక్కి చాపాడు. దుప్పటి కప్పుకున్న అమ్మమ్మ ఆ తాడు అందుకుంది. పొగడేరా ఆ సంగతి కూడా చాటాడు. ఇక కట్టుబాటు తొలగింది. నాన్న ఇటు తిరిగాడు. అమ్మమ్మ దుప్పటి దించింది.

పెళ్ళయిన నాటినుంచి మొదటిసారిగా ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు. గుర్రం కూడా నమలడం మానింది.

“ఇంతేనా ఉంటావు?” అంది అమ్మమ్మ. “గొంతు విని ఇంకో జానెడు ఎత్తుంటావనుకున్నా.”

“అత్తా...”

“ఆగు. నా వంతు. నువ్వు గురక పెట్టినప్పుడల్లా డేరా వాసాలు కదులుతాయి, ఎందుకు? జింకను కొడితే మంచి భాగం ఎప్పుడూ మీ అన్నయ్య ఇంటికే పోతుంది, ఎందుకు? దారిలో ఉన్న ప్రతి గుంటా నీకు మేనమామా? నా కూతురికి ఓసారి జ్వరం వస్తే నువ్వు నాలుగు రోజులు తిండి మాని పక్కనే కూర్చున్నావట. అది మంచి పని, అది కూడా చెప్పాలి, చెప్పాను. ఇప్పుడు చెప్పు, నా రాయి ఏదిరా?”

“పాతిపెట్టాను అత్తా!”

“ఏమిటి?”

“పారేయలేదు! మనం ఆఖరున దిగిన చోట, వాగు వచ్చి టంగ్ నదిలో కలిసేచోట, వంగిన కాటన్‌వుడ్ చెట్టు ఉంది చూడు, దాని మొదట్లో, తోలులో చుట్టి పాతాను. సైనికుల బండిలో వేస్తే విసిరేస్తారని! ఆరోజే చెప్పేవాణ్ణి. చెప్పకూడదుగా!”

“దీంతో చెప్పించలేకపోయావా?” అమ్మమ్మ కూతురి వైపు తిరిగింది.

“నువ్వెప్పుడు చెప్పనిచ్చావు?” అంది మా అమ్మ. “రాయి పేరెత్తితే లేచి వెళ్ళిపోతానన్నావు! లేచి ఉత్తరానికే పోయేదానివి! ఎన్నిసార్లని సైనికులు నిన్ను బండెక్కించుకొస్తారు?”

“ఒరేయ్ పొట్టివాడా,” అంది అమ్మమ్మ, కళ్ళు తుడుచుకుని, “పిడికున్న తోలు కుళ్ళిపోయి ఉంటే నీ పని చెబుతా.”

“కొత్త తోలు నేనే కడతా అత్తా!”

“నువ్వు కట్టిన కాడి చూశాలే!”

సరిగ్గా ఆ సమయానికి లెఫ్టినెంట్ గారు గుర్రం కోసం కేకలు వేస్తూ వచ్చారు. గుంపును తోసుకుని లోపలికి వచ్చి నిలబడిపోయారు. ఆయన ఎదుట, పక్కపక్కన కాదు, ముక్కుకు ముక్కు ఆనించినంత దగ్గరగా, ఇద్దరు మనుషులు నిలబడి అరుచుకుంటున్నారు. వేషమైతే ఒక్కడు అంత గట్టిగా తనను తాను తిట్టుకోలేడు.

“ఇద్దరున్నారు,” అన్నారు ఆయన, నీరసంగా.

“ఇద్దరున్నారు దొరా,” అన్నాడు మేనమామ.

“నా గుర్రం?”

ముసలివాళ్ళు మళ్ళీ వచ్చి ఆయన చేతులు పట్టుకుని ఊపారు. సార్జెంటు ఆయన చెవిలో ఏదో చెప్పాడు. అది ఏమిటో ఊహించడం కష్టం కాదు: గుర్రాన్ని బలవంతంగా తీసుకుంటే ఎందుకు తీసుకున్నారో పైవారికి చెప్పాలి, ఎందుకు ఇచ్చారో కూడా చెప్పాలి, లేదని పొద్దున రాసి పంపిన ముసలిదానికి ఇచ్చానని చెప్పాలి. లెఫ్టినెంట్ గారు ప్లాట్ నదిని కంచరగాడిద మీద దాటారు. మా బండి కూడా దాటింది. కోటకు పంపిన కాగితాన్ని ఆయన దిద్దలేదు.

దిద్దకపోవడం వల్ల జరిగినది ఇది. ఓగలాలాల ఏజెన్సీకి చేరాక, అక్కడినుంచి టంగ్ నదికి వెళ్ళాలంటే మళ్ళీ అనుమతి కావాలన్నారు. అది వచ్చేవరకు ఎవరూ కదలకూడదు. గుమస్తా అందరి పేర్లూ పిలిచాడు. ఎదురుగాలి పేరు పిలవలేదు. మేనమామ అడిగితే, అటువంటి మనిషి లేదని సైన్యం నిర్ధారించిందనీ, లేని మనిషికి పిండి ఇవ్వడం కుదరదనీ గుమస్తా చెప్పాడు. అమ్మమ్మ అతని ఎదుటే నిలబడి ఉంది.

“లేని మనిషి ఇక్కడినుంచి పోతే?” అని అడిగించింది.

లేని మనిషి ఎక్కడికీ పోవడం కుదరదని అతను జవాబిచ్చాడు. ఆ జవాబు ఆమెకు నచ్చింది. సర్కారు నోటినుంచి వచ్చిన మాటల్లో ఆమెకు నచ్చినది అదొక్కటే.

మరునాడు పట్టపగలు, అందరి డేరాలకూ వెళ్ళి సెలవు తీసుకుని, డచెస్‌నెక్కి, బొగ్గును ముందు కూర్చోబెట్టుకుని ఆమె బయలుదేరింది. కాపలా సైనికుడు చూశాడు. ఎవరైనా తప్పిపోయారేమోనని ఏజెన్సీ వారు లెక్క చూసుకున్నారు. అందరూ ఉన్నారు.

మా అమ్మానాన్నలకు అనుమతి మరుసటి వేసవికి వచ్చింది. వాగు నదిలో కలిసేచోటికి వాళ్ళ బండి చేరేసరికి చెర్రీలు పండి ఉన్నాయి. చెట్ల వెనుకనుంచి ధన్ ధన్‌మని చప్పుడు వినబడింది. గింజలతో సహా దంచుతున్న చప్పుడు. నాన్న కంచరగాడిదలను ఆపి, బండి దిగి, మర్యాదగా అటు తిరిగి, దుప్పటి తలమీద వేసుకున్నాడు. గుర్రం ఇచ్చాక అలా చేయనవసరం లేదని అమ్మ గుర్తుచేసింది.

“తెలుసులే,” అన్నాడు నాన్న. “అత్త నన్ను అడగవలసింది రాయి సంగతి ఒక్కటే కదా. అడిగేసింది.”

అవతల అమ్మమ్మ కూడా దుప్పటి లాక్కుంది. దాని లోపలినుంచే కుక్కతో అంది:

“బొగ్గూ, తోలు కుళ్ళలేదని చెప్పు.”

నేను ఆ ఏడాది చలికాలంలో, అక్కడే పుట్టాను. ఆ రాయి ఇప్పుడు నా బల్లమీద ఉంది. లెఫ్టినెంట్ గారి పుస్తకం కూడా అక్కడే ఉంది, రాయి కింద. దంచేటప్పుడు బల్ల గీసుకుపోకుండా ఉండడానికి అంత మందం ఉన్నది మా ఇంట్లో వేరే లేదు.